నష్టభయం: స్వభావమా, పరిస్థితా?

వానాకాలం మొదలయ్యే రోజుల్లో కరీంనగర్ జిల్లా చొప్పదండిలో విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణాల ముందు రైతులు గుమిగూడుతారు. వారిలో ఒక కౌలు రైతును ఊహించుకోవచ్చు. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. కౌలు డబ్బు ముందే చెల్లించాడు. అందులో కొంత మిత్తికి తెచ్చినది. పత్తి పెడితే పెట్టుబడి ఎక్కువ, కాలం కలిసివస్తే రాబడీ ఎక్కువే. మక్కజొన్న పెడితే పెట్టుబడి తక్కువ, మిగిలేదీ తక్కువే. ఎరువు పూర్తి మోతాదులో వేస్తే దిగుబడి పెరుగుతుందని వ్యవసాయాధికారి చెప్పిన మాట అతనికి గుర్తుంది. కాని వాన మొహం చాటేస్తే ఎరువుకు పెట్టిన డబ్బు మట్టిపాలవుతుంది; దానికోసం తెచ్చిన అప్పు మాత్రం మట్టిపాలు కాదు. ఎంతోసేపు ఆలోచించి, చెప్పిన మోతాదులో సగమే కొని ఇంటిదారి పడతాడు.

ఆ సగం మోతాదును చూసి చదువుకున్నవారు ఒక తీర్పు చెప్పడం చాలాకాలంగా వస్తున్న ఆచారం. పల్లెటూరి మనిషికి కొత్తదంటే జంకు అనీ, సాహసించే గుణం అతని రక్తంలోనే లేదనీ, తలరాతను నమ్ముకుని కూర్చుంటాడనీ అంటారు. అతడు ముస్లిం అయితే ఈ తీర్పుకు మరో మాట చేరుతుంది: తఖ్దీర్ మీద భారం వేసినవాడు చొరవ ఎలా చూపుతాడని. ఇలాంటి మాటలు అనేవారిలో ముస్లిం విద్యావంతులు కూడా లేకపోలేదు.

ఈ తీర్పు నిజమా అన్నది వాదోపవాదాలతో తేలదు. భయం ఒక ఉద్వేగం. అది ఎవరిలో ఎంత ఉన్నదో, ఏ పరిస్థితిలో పెరుగుతుందో, దేనివల్ల తగ్గుతుందో పరీక్షించి చూడవలసిందే. మనస్తత్వ పరిశోధన ఆ పని చేసింది. విశేషమేమిటంటే, ఈ విషయంలో ప్రపంచమంతటా ప్రస్తావించబడే పరిశోధనలలో కొన్ని తెలుగు నేల మీదనే జరిగాయి. ఒకటి సముద్రతీరంలోని కాకినాడ వ్యాపారులపై, మరొకటి పాలమూరు మెట్ట పొలాల రైతులపై.

కాకినాడ ప్రయోగం వెనుక ఉన్న వ్యక్తి డేవిడ్ మెక్లెలాండ్, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు. కొన్ని సమాజాలు ఆర్థికంగా ముందుకు సాగడానికీ, కొన్ని నిలిచిపోవడానికీ కారణం మనుషుల మనసులలో ఉన్నదని ఆయన వాదించాడు. పనిని మునుపటికంటే మెరుగ్గా చేయాలన్న తపనకు ఆయన 'సాధనా ప్రేరణ' అని పేరు పెట్టాడు. దానిని కొలవడానికి అనుసరించిన పద్ధతి ఆసక్తికరమైనది. మనిషికి ఒక అస్పష్టమైన చిత్రాన్ని చూపి దానిపై ఒక కథ అల్లమంటారు. ఒక యువకుడు పుస్తకం ముందు కూర్చుని ఉన్న చిత్రమే అయినా, ఒకరు అతడు ఊళ్ళోని తల్లిని తలచుకుంటున్నాడని రాస్తారు, మరొకరు అతడు పరీక్షలో మొదటి స్థానం ఎలా సంపాదించాలా అని ఆలోచిస్తున్నాడని రాస్తారు. చిత్రం ఒకటే. చూసేవాడి మనసులో ముందే ఉన్నదేదో ఆ చిత్రంలో కనపడుతుంది. అలాంటి కథలలో సాధనకు సంబంధించిన ఆలోచనలు ఎన్ని ఉన్నాయో లెక్కించి మనిషి ప్రేరణ ఎంతో నిర్ణయిస్తారు.

సాధనా ప్రేరణ అధికంగా ఉన్నవారు జూదరులు కారన్నది మెక్లెలాండ్ పరిశోధనలో ముఖ్యమైన అంశం. గుంజకు రింగులు విసిరే ఆటలో, ఎంత దూరంలో నిలబడాలో మీ ఇష్టమని చెబితే, వారు మరీ దగ్గర నిలబడరు; మరీ దూరం కూడా పోరు. ప్రయత్నిస్తే పడుతుంది, అజాగ్రత్తగా ఉంటే తప్పుతుంది అనిపించే మధ్య దూరాన్ని ఎన్నుకుంటారు. గుడ్డి అదృష్టం మీద ఆధారపడే పందెం వారికి రుచించదు. తమ శ్రమ, తమ తెలివి ఫలితాన్ని మార్చగల చోటనే వారి ఉత్సాహం. ఇస్లాం జూదాన్ని నిషేధించి వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసిన సంగతి ఎరిగిన పాఠకుడికి ఈ తేడా కొత్తగా తోచదు. వ్యాపారంలోనూ నష్టభయం ఉంది, జూదంలోనూ ఉంది. కాని ఆ రెండు భయాలు ఒక జాతివి కావు.

1964లో కాకినాడకు చెందిన 52 మంది వ్యాపారులు, చిన్న పారిశ్రామికులు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు వచ్చి, జట్లు జట్లుగా, సుమారు పది రోజుల చొప్పున శిక్షణ పొందారు. అప్పు ఇవ్వలేదు, యంత్రాలూ ఇవ్వలేదు. సాధనను గురించి ఆలోచించడం, కథలు రాయడం, ఆటలలో తమ ప్రవర్తనను తామే పరిశీలించుకోవడం, ఇంటికి వెళ్ళాక ఏమి చేయదలచుకున్నారో లక్ష్యాలు నిర్ణయించుకోవడం, అంతే. పోలిక కోసం శిక్షణ ఇవ్వని మరికొందరు వ్యాపారులను, రాజమండ్రి వారితో సహా, గమనించారు. తరువాతి రెండేళ్ళలో శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది కొత్త వ్యాపారం ప్రారంభించడమో, ఉన్నదాన్ని విస్తరించడమో చేశారు. శిక్షణ పొందనివారిలో అలా చేసినవారు దాదాపు నాలుగోవంతు మాత్రమే. మెక్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ కలిసి 1969లో ప్రకటించిన గ్రంథంలో ఈ వివరాలన్నీ ఉన్నాయి.

ఈ ప్రయోగం రెండు అపోహలను దెబ్బతీసింది. వయసు వచ్చిన మనిషి మనసు మారదన్నది ఒకటి. సంప్రదాయాన్ని పాటించేవాడు ముందడుగు వేయలేడన్నది రెండవది. కులాచారాలు, మతవిశ్వాసాలు, వేషధారణ వీటికీ శిక్షణ ఫలించడానికీ సంబంధం కనపడలేదు. పంచె కట్టినవాడు పంచెతోనే ముందుకు నడిచాడు.

అయితే కాకినాడ ఫలితాలలో మెక్లెలాండ్ సిద్ధాంతానికి అంతగా రుచించని మరో సంగతి కూడా దాగి ఉంది. శిక్షణ అందరిపై ఒకేలా పనిచేయలేదు. తన దుకాణానికి తానే యజమాని అయి, నిర్ణయం తన చేతిలో ఉన్నవాడిపై బాగా పనిచేసింది. తండ్రి మాటకో, అన్న మాటకో లోబడి పనిచేసేవాడు ఎంత ఉత్సాహంతో హైదరాబాదు నుంచి తిరిగి వెళ్ళినా అతని చేతలలో పెద్ద మార్పు రాలేదు. ప్రేరణ మనసులో పుట్టవచ్చు, కాని కాలు పెట్టడానికి చోటు ఉండాలి. ఆ చోటు సంగతి పరిశోధకులు అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. మరో పదేళ్ళ తరువాత పాలమూరు పల్లెలో అదే ప్రధాన ప్రశ్న అయింది.

హైదరాబాదు సమీపాన పటాన్‌చెరువులో 1972లో ఇక్రిశాట్ స్థాపించబడింది. నీటి వసతి అంతగా లేని ఉష్ణమండల ప్రాంతాల పంటలపై పరిశోధన ఆ అంతర్జాతీయ సంస్థ పని. కొత్త వంగడాలు తయారుచేస్తే చాలదనీ, రైతు వాటిని ఎందుకు చేపడతాడో, ఎందుకు చేపట్టడో తెలుసుకోవాలనీ భావించి ఆ సంస్థ 1975లో ఆరు గ్రామాలను ఎన్నుకుంది. నాలుగు మహారాష్ట్రలోనివి. రెండు ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి, ఔరేపల్లె, దోకూరు. ప్రతి ఊరిలో 40 కుటుంబాలు: పది కూలీలవి, పది సన్నకారు రైతులవి, పది మధ్యతరగతి రైతులవి, పది పెద్ద రైతులవి. పరిశోధకులు ఊళ్ళోనే కాపురముండి ఏళ్ళ తరబడి ఆ కుటుంబాల రాబడి, ఖర్చు, అప్పు, పంట అన్నీ నమోదు చేశారు.

ఈ 240 కుటుంబాలలో నష్టభయాన్ని కొలవడానికి పూనుకున్నవాడు హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త. మొదట అందరూ చేసే పనే చేశారు: ప్రశ్నలు అడిగారు. ఇలాంటి స్థితిలో మీరేం చేస్తారు, అలాంటి స్థితిలో ఏం చేస్తారు అని. జవాబులు వచ్చాయి, కాని అవి అడిగే మనిషిని బట్టి మారిపోయాయి. ఒక ఉద్యోగి అడిగితే ఊరంతా పిరికిదిగా, మరొకరు అడిగితే ధైర్యశాలిగా తేలే కొలత కొలత కాదు. నోటిమాటతో పల్లెవాసుల మనస్తత్వంపై సిద్ధాంతాలు కట్టేవారందరూ ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

అప్పుడు బిన్స్‌వాంగర్ నిజమైన డబ్బు బయటకు తీశాడు. పద్ధతి చాలా సులువైనది. మనిషి ముందు కొన్ని ఎంపికలు పెడతారు. అతడు ఒకటి ఎన్నుకోవాలి. తరువాత నాణెం ఎగరవేస్తారు. మొదటి ఎంపికలో బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు వస్తాయి. భయానికి తావే లేదు. రెండవదానిలో ఒకవైపు పడితే 45, మరోవైపు పడితే 95. ఆ తరువాతిదానిలో 40 లేక 120. మరొకటి 30 లేక 150. ఇలా పోతూ పోతూ చివరిదానిలో ఏమీ రాకపోవచ్చు, లేదా 200 రావచ్చు. సగటున వచ్చేది పెరుగుతూ పోతుంది, దానితోపాటు దిగులూ పెరుగుతుంది. మనిషి ఎక్కడ ఆగాడన్నదే అతని నష్టభయానికి కొలత.

ఈ ఆటను మొదట అర్ధరూపాయి స్థాయిలో ఆడించి, తరువాత 5 రూపాయలకు, ఆపైన 50 రూపాయలకు పెంచుకుంటూ వెళ్ళారు. గరిష్ఠ మొత్తం ఆ రోజుల్లో ఒక మామూలు కూలీ నెల సంపాదనను మించేది. ఎవరూ తమ జేబులోంచి పైసా పోగొట్టుకోలేదు. వచ్చేది తగ్గవచ్చునే తప్ప ఉన్నది పోదు. పేదవాడి కష్టార్జితాన్ని పందెంలో పెట్టించి శాస్త్రం చేయడం న్యాయం కాదు కనుక ఇది మెచ్చుకోదగిన జాగ్రత్త. నాణెం మీద ఆధారపడిన ఈ ఎంపికను షరీఅత్ దృష్టిలో ఏమనాలన్నది వేరే చర్చ. ఇక్కడ ప్రస్తావిస్తున్నది ఆ ప్రయోగంలో ఏమి తేలిందన్నది.

అర్ధరూపాయి ఆటలో చాలామంది దూకుడుగా ఆడారు. వచ్చినా రాకపోయినా ఒకటే అన్నట్టు అపాయకరమైన ఎంపికలు తీసుకున్నారు. మొత్తం పెరిగే కొద్దీ అందరూ నెమ్మదించారు. 50 రూపాయల దగ్గరకు వచ్చేసరికి అత్యధికులు మధ్యలో ఉన్న ఎంపికల వద్ద గుంపుగా చేరారు: మరీ భయపడి మొదటిదానికి పోలేదు, మరీ తెగించి చివరిదానికీ పోలేదు. వివేకవంతుడైన మనిషి ఎవరైనా నిలబడే చోటు అది. పెద్ద రైతు అక్కడే నిలిచాడు, కూలీ కూడా దాదాపు అక్కడే నిలిచాడు. సంపద ఉన్నవారిలో భయం కాస్త తక్కువగా కనపడినా, ఆ తేడా గణాంకశాస్త్రం లెక్కలోకి తీసుకోదగినంతది కాదు. ఫలితంపై స్పష్టమైన ప్రభావం చూపిన మరో అంశం ఉంది: అంతకుముందు ఆటలలో ఎవరికి అదృష్టం కలిసివచ్చిందో వారు తరువాత కొంచెం ఎక్కువ ధైర్యం చూపారు. నాణేనికి జ్ఞాపకశక్తి లేదు, నిన్న బొమ్మ పడిందన్న సంగతి దానికి తెలియదు. మనిషికి మాత్రం జ్ఞాపకముంటుంది. వరుసగా రెండేళ్ళు పంట పోయినవాడు మూడవ ఏడు ఎందుకు జంకుతాడో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది.

1980లో అమెరికా వ్యవసాయ ఆర్థికవేత్తల పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. వాటి సారాంశం ప్రారంభంలో పేర్కొన్న తీర్పుకు సూటిగా ఎదురు నిలుస్తుంది. పేదవాడి మనసు వేరే మట్టితో చేసినది కాదు. పెద్ద రైతు ఎరువు పూర్తిగా వేయడానికీ, పేద రైతు సగం వేయడానికీ కారణం ఒకరి గుండె పెద్దది, మరొకరిది చిన్నది కావడం కాదని బిన్స్‌వాంగర్ నిర్ణయించాడు. అప్పు ఎవరికి ఏ షరతుపై దొరుకుతుంది, పంట ఎవరు ఎప్పుడు అమ్ముకోగలరు, సమాచారం ఎవరికి అందుతుంది, తేడా అంతా వీటిలోనే ఉందన్నాడు.

అదే సమాచారంతో 1993లో ఆయన, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే మరో ఆర్థికవేత్త కలిసి ప్రకటించిన పరిశీలన ఈ సంగతిని మరింత తేటతెల్లం చేసింది. వాన ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేని అనిశ్చితి ఎక్కువైన చోట పేద రైతులు తమ ఆస్తిని, పెట్టుబడిని తక్కువ అపాయమున్న వాటివైపు మళ్ళించుకున్నారు. దానివల్ల వారి లాభాలు బాగా పడిపోయాయి. సంపన్న రైతుల లాభాలపై ఆ అనిశ్చితి ప్రభావం దాదాపు కనపడలేదు. ఆకాశం ఒకటే. గుండెలోని భయమూ ఇంచుమించు ఒకటే. కాని పెద్ద రైతుకు ఒక ఏడు పోతే నిల్వ ఉన్న ధాన్యం ఉంది, బ్యాంకులో పరపతి ఉంది. పేదవాడు క్షేమంగా ఉండడానికి చెల్లించే మూల్యం ఏటేటా తన లాభంలోంచే కట్టుకోవాలి. ఎవరూ దానిని లెక్కరాయరు, రసీదూ ఇవ్వరు.

ఔరేపల్లె ఆట చూపలేకపోయినది కూడా ఒకటుంది. అందులో ఎవరికీ సొంత నష్టం లేదు. చేతిలో ఉన్నది పోవడం, రావలసినది రాకపోవడం ఈ రెండూ మనసుకు ఒకటి కావని 1979లో డేనియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు ప్రతిపాదించారు. వారి పరిశోధనల ప్రకారం వంద రూపాయలు పోయినప్పటి బాధ, వంద వచ్చినప్పటి సంతోషానికి సుమారు రెట్టింపు బరువు తూగుతుంది. మనిషి లాభనష్టాలను సున్నా నుంచి లెక్కించడు, ప్రస్తుతం తాను నిలబడిన స్థితి నుంచి లెక్కించుకుంటాడు. కౌలు ముందే చెల్లించి, అప్పుతో విత్తనం కొన్నవాడు తాను నిలబడిన స్థితి ఇప్పటికే సున్నాకు దిగువన ఉందని ఎరుగును.

భయంతోపాటు మరొకటి కూడా జరుగుతుంది. తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల చెరకు రైతులను కొందరు పరిశోధకులు పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చిన తరువాత ఒకసారి పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. 464 మంది రైతులలో, అదే మనిషి, డబ్బుకు కటకటలాడే రోజుల్లో తర్కానికి సంబంధించిన పరీక్షలలో వెనుకబడి, పంట అమ్ముకున్నాక మెరుగుపడ్డాడు. తెలివి తగ్గలేదు, మనసు మరోచోట చిక్కుకుని ఉంది. ఈ నిర్ణయాన్ని అందరూ ఏకగ్రీవంగా అంగీకరించలేదు. అమెరికాలో జీతం రోజుకు ముందూ వెనుకా పేదలను పరీక్షించిన మరో బృందం 2016లో అలాంటి తేడా కనపడలేదని ప్రకటించింది. నెలజీతం పది రోజులలో వస్తుందని తెలిసినవాడి కటకట, ఏడాదికొకసారి చెరకు డబ్బు కోసం ఎదురుచూసేవాడి కటకట ఒకటేనా అన్నది ఆలోచించదగినది.

భయానికి మూలం పరిస్థితిలో ఉంటే, పరిస్థితిని మార్చినప్పుడు ప్రవర్తన మారాలి. ఇది కూడా పాలమూరులోనే పరీక్షకు వచ్చింది. 2003లో బేసిక్స్ అనే సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా సంస్థతో కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వాన బీమాను ప్రవేశపెట్టింది. పంట ఎంత పోయిందో లెక్కగట్టే పని లేదు. వానమాపకం దగ్గర నమోదైన వాన ఒక హద్దుకు తగ్గితే డబ్బు చెల్లిస్తారు.

సిద్ధాంతం ప్రకారం ఎక్కువ భయపడేవాడు బీమాను ముందుగా కొనాలి. జరిగింది దీనికి తలకిందులు. 2004లో జరిపిన సర్వేలో, ఔరేపల్లెలో ఆడించిన తరహా ఆటతోనే భయాన్ని కొలిచి చూస్తే, ఎక్కువ భయపడేవారే బీమా కొనలేదని తేలింది. ముఖ్యంగా బేసిక్స్ సంస్థతో పూర్వపరిచయం లేనివారి విషయంలో ఇది స్పష్టంగా కనపడింది. ముందు డబ్బు కట్టాలి, ఎవరో ఎక్కడో ఒక పరికరం చూసి ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. అంతుబట్టని ఒప్పందం భయపడేవాడికి రక్షణగా తోచలేదు. మరో పందెంగా తోచింది. తరువాత అవే ప్రాంతాలలో జరిపిన ప్రయోగాలలో, ఊరివారికి తెలిసిన మనిషి వెంట వచ్చి పరిచయం చేస్తే బీమా కొనుగోలు పెరిగింది. ఇంటికి వచ్చిన ఉద్యోగి ప్రయోగంలో పాల్గొన్నందుకు 25 రూపాయలకు బదులు 100 రూపాయలు చేతిలో పెట్టినప్పుడు మరింత పెరిగింది. నమ్మకం, చేతిలో నగదు ఈ రెండూ లేని చోట ఉపన్యాసాలు పనిచేయలేదు.

ఒప్పందంలో అస్పష్టత ఉండరాదన్న ఫిఖ్‌హ్ నియమాన్ని ఎరిగినవారికి ఇక్కడ ఒక పాత చర్చ గుర్తుకు రాక మానదు. సాధారణ వాణిజ్య బీమాలో అనిశ్చితి, వడ్డీ కలిసి ఉన్నాయన్న కారణంగా అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్‌హ్ అకాడమీ 1985లో జెద్దాలో దానిని తిరస్కరించి, పరస్పర సహకారంపై ఆధారపడిన బీమాను సమ్మతించింది. అంతకు ముందే 1979లో సూడాన్‌లో తకాఫుల్ సంస్థ పనిచేయడం మొదలుపెట్టింది. ఉలమా ధర్మశాస్త్ర దృష్టితో ఎత్తి చూపిన అస్పష్టతనే పాలమూరు రైతు తన అనుమానంతో పసిగట్టాడని అనడం అతిశయోక్తి కావచ్చు. కాని అతని అనుమానాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడానికి మాత్రం వీలులేదు.

రక్షణ నిజంగా అందితే ఏమవుతుందో కూడా చూశారు. మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాలలో దాదాపు 1,500 మంది రైతులలో కొందరికి, లాటరీ పద్ధతిన ఎన్నుకుని, విత్తనాలకు ముందే వాన బీమా ఉచితంగా ఇచ్చారు. 2017లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం బీమా ఉన్న రైతులు రాబడి ఎక్కువ, అపాయమూ ఎక్కువ ఉన్న ఆముదం, వేరుశనగలవైపు తమ పెట్టుబడిని మళ్ళించారు. వారికి ఎవరూ ధైర్యం నూరిపోయలేదు. పడితే పట్టుకునే చేయి ఒకటుందని తెలిసింది, అంతే.

తవక్కుల్ విషయంలో ప్రసిద్ధమైన ఆ ఉదంతం పాఠకులెరిగినదే. ఒంటెను కట్టకుండా దైవంపై భారం వేయనా అని అడిగిన వ్యక్తితో దైవప్రవక్త (స) ముందు దానిని కట్టమని, ఆ తరువాత దైవాన్ని నమ్ముకోమని చెప్పారు. దీనిని సోమరులకు చెప్పిన హితవుగానే సాధారణంగా వ్యాఖ్యానిస్తారు. ఈ పరిశోధనల వెలుగులో చూస్తే అందులో మరో కోణం కనపడుతుంది: కట్టడానికి తాడు ఉండాలి. తాడు లేనివాడిని ఒంటెను ఎందుకు కట్టలేదని అడిగి ప్రయోజనం లేదు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పుల పాలైనవారు ఒక ప్రత్యేక వర్గంగా పేర్కొనబడడం ఈ దృష్టితో గమనార్హమైనది. జకాత్‌ను బిచ్చంగా పంచే అలవాటు బలపడిన చోట ఈ వర్గం దాదాపు మరుగున పడిపోయింది. చేసిన ప్రయత్నం విఫలమై అప్పులో కూరుకున్నవాడికి ఆసరా ఉందని తెలిస్తే, ఇంకా ప్రయత్నం మొదలుపెట్టనివాడికి కూడా అది ధైర్యమిస్తుంది.

భూమి విషయంలోనూ ఇంతే. ఖైబర్ భూములను దైవప్రవక్త (స) అక్కడి యూదులకు పంటలో సగం వాటా షరతుపై సేద్యానికి అప్పగించారు. ఇలాంటి పాలు సేద్యాన్ని ఇమామ్ అబూ హనీఫా అంగీకరించలేదు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అంగీకరించారు. హనఫీలలో శిష్యుల అభిప్రాయమే ఆచరణలో నిలిచింది. ఫుఖహా చర్చ ధర్మసమ్మతి గురించి. మనస్తత్వ దృష్టితో చూస్తే, పాలుకు ఇచ్చినప్పుడు వాన తప్పితే భూమి యజమాని కూడా నష్టంలో పాలుపంచుకుంటాడు. రొక్కం కౌలు ముందే వసూలు చేసినప్పుడు ఆకాశం మీది భయమంతా ఒక్క కౌలుదారు నెత్తినే పడుతుంది. రొక్కం కౌలును అధికసంఖ్యాక ఫుఖహా సమ్మతించారు కనుక దానిని తప్పుపట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. కాని రెండు ఒప్పందాలూ మనిషి మనసులో సృష్టించే స్థితి ఒకటి కాదు. పాలు సేద్యంలో కౌలుదారు పూర్తి శ్రమ పెట్టడన్న అభ్యంతరం ఆర్థికవేత్తలలో ఉంది. రొక్కం కౌలులో అతడు పూర్తి ఎరువు పెట్టలేడన్న సంగతినీ దానితోపాటు తూచవలసి ఉంటుంది.

కరీంనగర్ జిల్లాకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు పథకాన్ని 2018 మే 10న ఈ జిల్లాలోని హుజూరాబాద్ ప్రాంతంలోనే ప్రారంభించింది. పంట కాలానికి ముందు ఎకరానికి 4,000 రూపాయలు, ఏ పంట వేస్తారన్న షరతు లేకుండా, పట్టాదారుకు అందించారు. తరువాత ఆ మొత్తం 5,000 అయింది. విత్తడానికి ముందే చేతిలో నగదు పెట్టడం ఈ పరిశోధనల తీరుకు ఎంతో దగ్గరైన ఆలోచన. వానాకాలం పెట్టుబడిలో కొంత భాగానికైనా మిత్తి వ్యాపారి గడప తొక్కే అవసరం తప్పుతుంది. అదే 2018 ఆగస్టు 15 నుంచి రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే రైతుబీమా కూడా మొదలైంది.

కాని రెండు పథకాలూ పట్టాదారు పాసుపుస్తకాన్ని ఆధారం చేసుకున్నాయి. ఊళ్ళో ఉండక, పొలం కౌలుకిచ్చి పట్నంలో స్థిరపడినవారి ఖాతాలోనూ ఆ డబ్బు పడింది. వాన కోసం ఆకాశం చూసేవాడు, ఎరువు ఎంత వేయాలో నిర్ణయించేవాడు, పంట పోతే అప్పు మోసేవాడు కౌలుదారు. చొప్పదండి, గంగాధర, రామడుగు ప్రాంతాలలో ముస్లిం కుటుంబాలు సహా సొంత భూమి లేకుండా సేద్యం చేసేవారి చేతిలో పాసుపుస్తకం లేదు. భూమి యజమాని ఇష్టపడి కౌలు తగ్గిస్తే తప్ప ఎకరానికి 5,000 రూపాయల ధైర్యం వారివరకు చేరలేదు. ఔరేపల్లెలో పది పది చొప్పున విడదీసిన నాలుగు వర్గాలలో భయం అందరిలో ఒకటేనని తేలి నలభై ఏళ్ళు దాటింది. ఆ భయాన్ని తగ్గించే సాయం మాత్రం భూమి పత్రం ఉన్నవాడి ఇంటికి ముందుగా వెళ్ళింది.